పూజను వదిలి పొలాన్ని పట్టుకో

చిరంజీవికి ఆశీస్సులు.

హిందూ, ఇస్లాం మతాల్లో స్త్రీల స్థానాన్ని పోలుస్తూ నువ్వు రాసిన వ్యాసం అందింది. శైలి బాగుంది. అయితే ‘యత్ర నార్యస్తు పూజ్యంతే’ అని మొదలుపెట్టి, వెంటనే ఆడశిశువులను సజీవంగా పాతిపెట్టిన అరబ్బుల దగ్గరికి దూకిన మొదటి పేజీ నాకు కోపం తెప్పించింది. ఆ దురాచారాన్ని ఖురాను 81వ సూరా నిలదీసిందన్న మాట నీ వ్యాసంలో ఎక్కడా లేదు. నీకు ఎదురు వాదించేవాళ్లూ ఇంతే, ప్రవక్త ముహమ్మద్ భార్య ఖదీజా వ్యాపారం పక్కన సతీసహగమనాన్ని తెచ్చి నిలబెడతారు. శాస్త్రాన్ని శాస్త్రంతోనూ ఆచారాన్ని ఆచారంతోనూ పోల్చాలి తల్లీ.

స్త్రీల హక్కుల గురించి రాసేవాళ్లు పూజను వదిలి ఆస్తిని పట్టుకోవాలన్నది నా మొండి పట్టు. ఉహుద్ యుద్ధంలో చనిపోయిన సాద్ బిన్ రబీ ఆస్తినంతా అతని సోదరుడు తీసుకుంటే, ఆ వితంతువు ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకుని ప్రవక్త దగ్గరికి వెళ్లి అడిగిందనీ, కూతుళ్లకు మూడింట రెండు వంతులు, ఆమెకు ఎనిమిదో వంతు ఇప్పించి మిగిలినదే ఆ సోదరుడికి వదిలారనీ ప్రవక్త మాటలనూ చేతలనూ నమోదు చేసిన హదీసు గ్రంథాలు చెబుతాయి. ఖురాను ప్రకారం కొడుకులున్నా కూతురికి వాటా ఉంది, కాకపోతే కొడుకు వాటాలో సగమే. మన స్మృతుల్లో కొడుకులున్న ఇంట కూతురు వారసురాలు కాదు. పెళ్లికాని అక్కచెల్లెళ్లకు అన్నదమ్ములు తమ వాటాల్లోంచి నాలుగో వంతు ఇవ్వాలని మాత్రం మనువు అన్నాడు. కొడుకులు లేనివాడి ఆస్తికి భార్యే మొదటి వారసురాలన్నాడు యాజ్ఞవల్క్యుడు. యాజ్ఞవల్క్య స్మృతిపై విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్య మితాక్షర, వారసత్వంగా వచ్చినదాన్ని కూడా స్త్రీధనంలో, అంటే స్త్రీ సొంత ఆస్తిలో, చేర్చింది. 13వ శతాబ్దంలోనే కవి కేతన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నువ్వు ఆ పుస్తకం ముట్టుకున్నట్టు లేదు. స్త్రీధనానికి మితాక్షర ఇచ్చిన ఆ విస్తృతిని తరువాత బ్రిటిష్ పాలనలో చివరి అప్పీళ్లు విన్న లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఒప్పుకోక, వితంతువుకు బతికున్నన్నాళ్లే అనుభవించే పరిమిత హక్కు మిగిల్చింది. అటు ముస్లింల వారసత్వానికి వాళ్ల మతధర్మాన్ని వర్తింపజేసిన 1937 షరియత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించింది. అంటే ఖురాను ఇచ్చిన వాటా కూడా పొలం గట్టు దగ్గర ఆగిపోయింది.

ఇవన్నీ పాత తీర్పుల్లో వెతకడానికి నేను వకీళ్ల గుమాస్తాలను బతిమాలుకున్నాను. అంత కష్టపడి రాస్తే, ఒక వారపత్రిక సంపాదకుడు ‘లెక్కలు చూస్తే పాఠకులు పారిపోతారు’ అని వాటాలన్నీ కొట్టేసి, ఉపనిషత్తులో వాదించిన గార్గి గురించిన పేరా ఒక్కటీ ఉంచి, పక్కన తామరపువ్వు పట్టుకున్న సుందరి బొమ్మ వేయించాడు. ఇప్పటి సంపాదకులకు ఏ మతం గొప్పదో తేల్చే చివరి వాక్యం కావాలి. నువ్వూ అది రాసి పెట్టావు, కొట్టెయ్యి.

నన్ను కదిలించిన వాక్యాన్ని నువ్వు కుండలీకరణాల్లో పడేశావు: మీ అమ్మమ్మ అన్నదమ్ముల కోసం పొలం కాగితం మీద వేలిముద్ర వేసింది. వ్యాసం అక్కడ మొదలుకావాలి. అది ఏ సంవత్సరమో కనుక్కో. 1956 హిందూ వారసత్వ చట్టం తరువాతదైతే, తండ్రి వాటాలో తనకు వచ్చే భాగాన్ని ఆమె వదులుకుందన్నమాట. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లను పుట్టుకతో హక్కుదారులను చేసిన 1985 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించలేదు కనుక, ఆమెకు దాంతో ఒరిగిందేమీ లేదు. కాగితం నకలు దొరికితే వ్యాసంతో పాటు పంపు. ఏ పత్రికకు పంపాలన్నది తరువాత చూద్దాం.