నెలకు ఒక్క పాఠం, ముగ్గురం కలిసి

పిల్లల చేత ఆలోచింపజేయాలని ఉంది, కానీ నా పీరియడ్ అయిపోగానే మళ్ళీ బట్టీయే, మిగతా టీచర్లను ఎలా కలుపుకోవాలి అని తోటి టీచరుగా మీరు అడిగారు. నేను జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఈ బాధ నాకూ చాలా ఏళ్లు ఉండేది కాబట్టి మా దగ్గర జరిగింది రాస్తున్నాను.

మొదట స్టాఫ్ మీటింగ్‌లో లేచి, అందరం కలిసి పిల్లల్లో ఆలోచనాశక్తి పెంచుదాం అన్నాను. అందరూ బాగుందన్నారు, అక్కడితో సరి. వాళ్ళ తప్పేం లేదు. ట్రైనింగుల్లో, కాంప్లెక్స్ మీటింగుల్లో ఈ మాటలు విని విని ఉన్నాం, గుర్తుపెట్టుకోవడం నుంచి పై స్థాయి ఆలోచన దాకా మెట్లుగా చెప్పే బ్లూమ్ వర్గీకరణ బీఈడీలోనే చదివాం, కానీ రేపు రెండో పీరియడ్‌లో ఎనిమిదో తరగతికి వెళ్ళి ఏం చెయ్యాలి అన్నది ఎవరూ చెప్పరు.

మరుసటి ఏడాది బయాలజీ మేడంని, తెలుగు మాస్టారుని మాత్రమే అడిగాను. నెలకు ఒక్క పాఠం. ముగ్గురం కూర్చుని తయారుచేస్తాం, ఒకరు చెబుతారు, ఇద్దరు తమ లీజర్ (ఖాళీ) పీరియడ్ వదులుకుని వెనక కూర్చుని చూస్తారు. జపాన్‌లో టీచర్లు చాలా కాలంగా చేస్తున్న పనే ఇది, జుగ్యో కెన్‌క్యూ, అంటే పాఠాన్ని కలిసి అధ్యయనం చేయడం అంటారు.

మొదటి పాఠం నాదే, చుట్టుకొలత, వైశాల్యం. మేకల దొడ్డికి 24 మీటర్ల దడి ఉంది, దీర్ఘచతురస్రంగా ఏ కొలతలతో కడితే లోపల ఎక్కువ చోటు వస్తుంది అని అడిగాను. 'దడి అంతే కదా సార్, ఎలా కట్టినా ఒకటే' అన్నారు చాలామంది. ఇంతలో ముందు బెంచీ అబ్బాయి ఆరు, ఆరు అనేశాడు. నేను శభాష్ అని బోర్డు మీద 36 రాసి ముందుకు వెళ్ళిపోయాను. పాఠం బాగా జరిగిందనే అనుకున్నాను.

సాయంత్రం బయాలజీ మేడం చెప్పిన సంగతి నేను ఇప్పటికీ మర్చిపోలేదు. గోడ పక్కన కూర్చున్న ఒక అమ్మాయి నోట్సులో 11, 1 అని సన్నటి దొడ్డి గీసి వైశాల్యం 11 అని రాసుకుంది, దాని కింద 10, 2 గీసి 20 రాసింది, 9, 3 మొదలుపెట్టింది. నేను 36 రాయగానే రబ్బరు తీసుకుని మొత్తం తుడిపేసి, బోర్డు మీద ఉన్నది ఎక్కించుకుంది. ఆ తరగతిలో అసలైన ఆలోచన చేస్తున్న పిల్ల ఆమె, దాన్ని ఆపించింది నేను. వెనక ఇంకొకరు కూర్చోకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ప్రశ్న అడిగాక టీచరు సగటున ఒక్క సెకను కూడా ఆగడం కష్టమేనని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయని, మాట్లాడే పిల్లలు పెరుగుతారని అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లోనే గమనించారు. అదే పాఠం మరో సెక్షన్‌లో చెప్పినప్పుడు నేను చేతులెత్తనివ్వలేదు, ముందు అందరూ మూడు దొడ్లు గీయండి అన్నాను. తేడా నా కళ్ళతో చూశాను.

ఒక జాగ్రత్త చెప్పాలి. మొదట్లో మేం 'మీరు ఇది సరిగ్గా చెప్పలేదు' అన్నట్టు రాసుకునేవాళ్ళం, అది ఇన్‌స్పెక్షన్‌లా తయారై ఒకసారి మాస్టారు బాగా నొచ్చుకున్నారు, రెండు వారాలు కలిసి కూర్చోలేదు. అప్పటి నుంచి చూసేవాళ్ళు పిల్లలు ఏం చేశారో, ఏమన్నారో మాత్రమే రాయాలి, టీచరు గురించి ఒక్క ముక్క కూడా రాయకూడదు అనుకున్నాం.

ఇంకో లాభం ముందు ఊహించలేదు. ముగ్గురం 'నీకెలా తెలుసు?' అనే ఒకే మాట వాడటం మొదలుపెట్టాం. మొక్క బరువు ఎక్కడినుంచి వస్తుంది అని మేడం అడిగితే పిల్లలు మట్టి నుంచి అన్నారు, నీకెలా తెలుసు అంటే నిశ్శబ్దం. అప్పుడు మేడం హెల్మాంట్ అనే పాతకాలపు శాస్త్రవేత్త ప్రయోగం చెప్పారు: ఐదేళ్లలో విల్లో మొక్క సుమారు 75 కిలోలు పెరిగితే కుండీలో మట్టి 60 గ్రాములైనా తగ్గలేదు. ఆయన అదంతా నీళ్ల బరువే అనుకున్నాడు, మొక్క గాలి నుంచి కూడా కార్బన్ డయాక్సైడ్ తీసుకుని పెరుగుతుందన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఆయన ఎక్కడ పొరపడ్డాడో పిల్లలే వెతికారు. మాస్టారు పద్యం చెప్పి, కవి మాట నువ్వు ఒప్పుకుంటావా, ఎందుకు అని అడిగేవారు. ఒకే మాట మూడు పీరియడ్లలో వినేసరికి పిల్లలు ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు.

సిలబస్ సంగతంటారా, నెలకు ఒక్క పీరియడే కదా, మా దగ్గర వెనకపడలేదు. హెచ్ఎం గారిని అడగాల్సింది ఒక్కటే, టైమ్ టేబుల్‌లో ఇద్దరికి ఒకేసారి లీజర్.

మీరు మాత్రం స్టాఫ్ మొత్తాన్నీ అడగకండి. మీతో రోజూ టీ తాగే ఒక్కరిని పట్టుకోండి. మీ క్లాసు చూస్తాను అనకండి, 'నా క్లాసుకు రండి, మూడో బెంచీలో పిల్లలు ఏం రాస్తున్నారో చూసి చెప్పండి' అనండి.