మూసీని బాగుచేసే చదువు ఏదండీ?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. సీఎస్‌ఈ వద్దంటోంది. చాదర్‌ఘాట్‌లో మా చెల్లి ఇంటికి వెళ్లొచ్చినప్పటి నుంచి మూసీ ఒడ్డును బాగుచేస్తానని, అక్కడ పార్కులు, ఇళ్లు కడతానని ఒకటే పాట. సివిల్‌లో చేర్పించాలా, ఆర్కిటెక్చర్‌లోనా? అసలు ఉద్యోగాలు వస్తాయా? నాకైతే టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, నది ఒడ్డు బాగుచేయడానికి విడిగా ఒక బ్రాంచి లేదు. ఆ పనికి కనీసం నాలుగు రకాల చదువులవాళ్లు కావాలి. మీ అమ్మాయి ఆ నలుగురిలో ఎవరో ముందు తేల్చుకోవాలి, ఫీజు సంగతి ఆ తర్వాత.

అహ్మదాబాద్‌లో సబర్మతినే తీసుకోండి. 1997లో దానికోసం విడిగా కార్పొరేషన్ పెట్టారు, డిజైన్ ఆర్కిటెక్ట్ బిమల్ పటేల్ సంస్థది. ఒక్కో ఒడ్డున 11 కిలోమీటర్లకు పైగా గోడ కట్టి, నదిని 263 మీటర్ల వెడల్పుకు సర్ది, దాదాపు 200 హెక్టార్ల నేల బయటికి తీశారు. ఇప్పుడక్కడ నిండుగా కనిపించే నీళ్లు నర్మదా కాలువవి. ఫొటోల్లో మనకు నడకదారి, తోటలే కనిపిస్తాయి. వరదొస్తే ఆ వెడల్పులో నీరు పడుతుందా అని లెక్క తీసేది సివిల్‌లో నీటివనరులు చదివినవాళ్లు. ఏ చెట్టు ఆ గట్టున బతుకుతుందో చెప్పేది ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్. మెట్లు ఎక్కడ దిగాలి, ఎల్లిస్ బ్రిడ్జి దగ్గరి ఆదివారం సంతకు చోటెక్కడ అన్నది అర్బన్ డిజైనర్ పని.

నాలుగోది ఇళ్ల సంగతి. అసలు చిక్కంతా ఇక్కడే. సబర్మతి ఒడ్డు గుడిసెల్లోంచి పదివేలకు పైగా కుటుంబాలను ఖాళీ చేయించారు, గొడవ హైకోర్టు దాకా వెళ్లింది. ఫ్లాటైతే ఇచ్చారు, కానీ చాలామందికి అది పనికి దూరం. పొద్దున్నే నాలుగిళ్లలో అంట్లు తోమే మనిషికి శివార్లలో ఫ్లాటిస్తే బస్సు చార్జీ ఎవరిస్తారు? ఈ లెక్క ముందే వేయాల్సింది ప్లానర్, అంటే నగర ప్రణాళిక చదివినవాళ్లు. మూసీకీ 2017 నుంచి ఒక కార్పొరేషన్ ఉంది. అక్కడా ఇదే లెక్క తేలాలి.

ఇదేదో కొత్త ఫ్యాషన్ కూడా కాదు. 1908 సెప్టెంబరు వరద తర్వాత హైదరాబాద్‌కు విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు అలా వచ్చినవే. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు బస్తీల స్థానంలో రోడ్లు, ఇళ్లు వేశారు. నదికి ఆ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, ఈ ఒడ్డున హైకోర్టు లేచింది కూడా ఆ రోజుల్లోనే. చెల్లెలింటికి మళ్లీ వెళ్లినప్పుడు మీరూ చూడండి.

ఇక చదువు. బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) ఐదేళ్లు, నాటా అనే ఆర్కిటెక్చర్ ప్రవేశపరీక్ష గానీ జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ గానీ రాయాలి. బీప్లాన్ (ప్లానింగ్ డిగ్రీ) నాలుగేళ్లు, దానికి పేపర్ 2బీ. విజయవాడ ఎస్‌పీఏలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) రెండూ ఉన్నాయి. హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ విశ్వవిద్యాలయంలోనూ ఆర్కిటెక్చర్, ప్లానింగ్ ఉన్నాయి. ల్యాండ్‌స్కేప్, అర్బన్ డిజైన్ ఎక్కువగా బీఆర్క్ తర్వాత పీజీలో చదివేవి. ఢిల్లీ ఎస్‌పీఏలో ఎంప్లాన్‌లో (ప్లానింగ్ పీజీ) హౌసింగ్ స్పెషలైజేషన్ ఉంది.

సివిల్ గురించి ఒక మాట. కొన్నేళ్ల క్రితం ఇలాగే అడిగిన అబ్బాయిని "సివిల్ చెయ్యి, అన్నిటికీ దారి ఉంటుంది" అని పంపాను. దారి ఉన్న మాట నిజమే, ఎంప్లాన్‌కు వెళ్లాడు. కానీ నాలుగేళ్లూ బీములు, కాలమ్‌ల లెక్కలతో వాడికి విసుగొచ్చేసింది. ఆ సలహా ఇప్పుడైతే ఇవ్వను. నీటి లెక్కలు ఇష్టమైతేనే సివిల్.

జీతం సంగతి దాచను. ఆర్కిటెక్ట్ ఆఫీసులో మొదటి రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేరిన క్లాస్‌మేట్‌తో పోల్చుకుంటే ఏడుపొస్తుంది. ప్లానింగ్ వాళ్లకు కన్సల్టెన్సీలు, అభివృద్ధి సంస్థలు ఉన్నాయి, జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు, వాటి సమాచారం తయారుచేసే విద్య) వస్తే పని దొరకడం తేలిక. దానికి క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, సెలవుల్లో ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. టీజీపీఎస్సీ టౌన్ ప్లానింగ్ పోస్టులూ ఉంటాయి గానీ నోటిఫికేషన్ మీదే ఆశ పెట్టుకుని కూర్చోవద్దు.

ఫీజు కట్టేముందు ఒక పని చేయండి. ఒక ఆదివారం పొద్దున్నే అమ్మాయిని మూసీ మీది నయాపూల్ వంతెన దగ్గరికి తీసుకెళ్లండి. ఫోన్ మీరు తీసుకుని, నోట్‌బుక్ ఇచ్చి గంటసేపు వదిలేయండి. మెట్లు, నీడ గీస్తే ఆర్కిటెక్చర్. మురుగు ఎక్కడ కలుస్తోందో వెతికితే సివిల్. పోయినేడు నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయి గోడమీద ఆరేసిన దుప్పట్లు గీసి, పక్కన "ఇక్కడ పార్కు వస్తే ఇవి ఎక్కడ ఆరేస్తారు?" అని రాసింది. ప్లానింగ్ అని అప్పుడే చెప్పేశాను.

ఈలోపు జేఈఈ ఫారంలో పేపర్ 2ఏ, 2బీ రెండూ టిక్ పెట్టించండి. బొమ్మలు రావని మీ అమ్మాయి భయపడితే, 2బీలో డ్రాయింగ్ లేదని చెప్పండి.