కుక్కర్ విజిలే మీ సాక్షి

ప్రశ్న: నాలుగేళ్ల కిందట మా డాబా మీద మేనమామ డప్పు కొడుతుంటే రికార్డు చేసి, దానికి కీబోర్డు మీద చిన్న బిట్ కట్టి నా యూట్యూబ్ చానల్‌లో పెట్టాను. హైదరాబాద్‌లో ఒక మ్యూజిక్ ప్రోగ్రామర్ అడిగితే వాట్సాప్‌లో ఒరిజినల్ ఫైలు పంపాను. ఫోన్ మార్చాక ఆ చాట్ పోయింది. తర్వాత వచ్చిన ఒక సినిమా పాట మొదట్లో నా బిట్ ఎనిమిది సెకన్లు అచ్చంగా వినిపిస్తోంది. వెనకాల మా ఇంటి కుక్కర్ విజిల్ కూడా ఉంది! పాట వచ్చి రెండేళ్ల తొమ్మిది నెలలు. పాట చేసినవాళ్లను అడిగితే ‘డప్పు అందరిదీ, పది సెకన్లలోపు ఎవరైనా వాడుకోవచ్చు’ అన్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. పాత తేదీ వేసి కాపీరైట్ రిజిస్టర్ చేయించి పోలీసు కేసు పెట్టమని మిత్రుడి సలహా. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కుక్కర్ విజిల్ గురించి ఒక్క ముక్క రాసి వదిలేశారు. మీ కేసంతా దాని మీదే ఉంది.

కాపీరైట్ చట్టం దృష్టిలో ట్యూన్ వేరు, రికార్డింగ్ వేరు. డప్పు దరువు అందరిదీ అన్న మాట నిజమే. వాళ్లు స్టూడియోలో వేరే కళాకారుడితో అదే దరువు కొట్టించుకుని ఉంటే, మీ రికార్డింగ్ మీద హక్కు అక్కడ పనిచేయదు. కీబోర్డు బిట్ మీ సొంతమని నిరూపించుకోవడం ఒక్కటే మిగిలేది, అది చాలా కష్టం. కానీ మీ ఇంటి విజిల్ వాళ్ల స్టూడియోలో మోగదు కదా. అది అదే దెబ్బ దగ్గర వినిపిస్తే వాళ్లు వాయించుకోలేదు, మీ ఫైలే కోసి పెట్టుకున్నారు. రికార్డింగ్ చేయించిన మనిషిగా ఆ శబ్దం మీద హక్కు మీదే.

పది సెకన్ల లెక్క మన చట్టంలో ఎక్కడా లేదు. 2008లో సంగీత దర్శకుడు రామ్ సంపత్ కేసులో బాంబే హైకోర్టు ముందుకు ఇలాంటి వాదనే వచ్చింది. ఒక మొబైల్ ఫోన్ ప్రకటన కోసం ఆయన చేసిన చిన్న ట్యూన్‌ను హిందీ సినిమా పాటల్లో వాడారు. ముక్క ఎంత పొడవన్నది కోర్టు పట్టించుకోలేదు, పాటకు అదే ప్రాణమా కాదా అని చూసింది. ఆ పాటలతో సినిమా విడుదల చేయొద్దంది. తర్వాత రాజీ కుదిరింది.

రుజువు సంగతికొస్తే, అసలు రికార్డింగ్ ఉన్న మెమరీ కార్డు ఏది? దాన్ని ఇక కంప్యూటర్‌కు పెట్టకండి, ఫైలును తెరిచి మళ్లీ సేవ్ చేయకండి. ఒక సౌండ్ ఇంజినీరుకు కాపీ తీయించి ఇవ్వండి. ఆయన మీ బిట్‌నూ పాటలోని బిట్‌నూ ఒకే వేగానికి తెచ్చి, ఒకదాని ఫేజ్ తిప్పి (అంటే శబ్ద తరంగాన్ని తలకిందులు చేసి) రెండోదాని మీద వేస్తారు. రెండూ ఒకే రికార్డింగ్ అయితే ఆ శబ్దాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. శ్రుతి మార్చి వాడుకుని ఉంటే ఇది సరిగా కుదరదు. అప్పుడు దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీలు కొలవాలి. మనిషి చెయ్యి రెండోసారి అవే ఖాళీలతో కొట్టడం సాధ్యం కాదు. ఆయన నివేదికతో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్, ఫైలు హాష్ విలువతో (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్యతో) సహా, తప్పనిసరి. అది లేకపోతే మీ పెన్‌డ్రైవ్‌ను కోర్టు పక్కన పెడుతుంది.

బిట్‌లో ఇంటర్నెట్‌లో ప్యాక్‌లుగా దొరికే లూప్ (పదేపదే మోగించుకునే రెడీమేడ్ సంగీతం ముక్క) ఏదైనా కలిపారా? కలిపితే ఇప్పుడే మీ వకీలుకు చెప్పండి. అదే ప్యాక్ వాళ్లూ కొనుక్కుని ఉండొచ్చు.

చాట్ పోగొట్టుకోవడం మాత్రం క్షమించలేని నిర్లక్ష్యం. ఒక్క కాగితం రాయించుకోకుండా ఒరిజినల్ ఫైలు పంపుతారా? లైసెన్సు లిఖితపూర్వకంగా ఉండాలంటుంది కాపీరైట్ చట్టం 30వ సెక్షన్. ఫైలు పంపినంత మాత్రాన అనుమతి ఇచ్చినట్టు కాదు. కానీ ఆ చాట్‌లో మీరు ‘వాడుకో అన్నా’ అని రాసి ఉంటే? అవతలి వకీలు కోర్టులో ముందు చూపించేది అదే. పాత ఫోన్ ఎవరి దగ్గరుందో, బ్యాకప్ ఏ మెయిల్‌లో ఉందో ఇవాళే వెతకండి.

మీ మిత్రుడి సలహా మాత్రం వినకండి. కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అది లేకపోయినా మీ హక్కు ఎక్కడికీ పోదు. రిజిస్టర్‌లో తప్పుడు వివరం ఎక్కిస్తే 67వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. పైగా యూట్యూబ్ తేదీకీ మీ దరఖాస్తుకూ పొంతన కుదరక, నిజమైన కేసు కూడా అబద్ధమైపోతుంది. దావా వేయకుండా ఊరికే బెదిరింపు నోటీసులు పంపినా, 60వ సెక్షన్ కింద వాళ్లే మీ మీద దావా వేయొచ్చు. క్రిమినల్ కేసుకు దారి ఉంది, కానీ తెలిసే చేశారని రుజువు చేయాల్సి వస్తుంది. ముందు ఇంజినీరు నివేదిక చేతికి రానివ్వండి.

నష్టపరిహారం దావాకు గడువు ఉల్లంఘన జరిగిన నాటి నుంచి మూడేళ్లు. కొత్తగా జరిగే అమ్మకాల మీద తర్వాత కూడా అడగొచ్చేమో గానీ, పాటకు ఎక్కువ డబ్బు వచ్చిన మొదటి రోజుల పరిహారం చేజారుతుంది. మీకున్నది మూడు నెలలు. 62వ సెక్షన్ ప్రకారం మీరుండే చోటే, కరీంనగర్ పరిధిలోని కోర్టులోనే వేయొచ్చు. దావా విలువ మూడు లక్షలు, ఆపైన అయితే అది వాణిజ్య వివాదాలు చూసే కమర్షియల్ కోర్టుకు వెళ్తుంది. వెంటనే ఇంజంక్షన్ (పాట వాడకుండా ఆపే ఉత్తర్వు) అడగనట్టయితే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మధ్యవర్తిత్వానికి దరఖాస్తు చేయాలి. ఆ మధ్యవర్తిత్వం నడిచే కాలాన్ని గడువులో లెక్కించరు. ఇలాంటివి చాలావరకు ఆ బల్ల దగ్గరే తేలతాయి కాబట్టి, మీ నివేదిక గట్టిగా ఉంటే డబ్బుతో పాటు క్రెడిట్స్‌లో పేరు కూడా అడగండి.

క్రెడిట్స్‌లో మీ మేనమామ పేరు కూడా వేయమని అడగండి. కళాకారుడిగా ఆయనకూ చట్టం విడిగా హక్కులిచ్చింది. ఆయన ఏ రోజు, ఎక్కడ కొట్టారో, విజిల్ ఎవరి వంటింట్లోంచి వచ్చిందో ఆయన మాటల్లోనే రాయించి, సంతకం తీసుకుని వకీలు దగ్గరకు వెళ్లండి.