స్కాన్ ఫోటో కింద ఏం రాయాలి?

ప్రియమైన చెల్లాయికి,

పురుగుమందు విషం ఎక్కినవాళ్ల మెదడు స్కాన్‌ల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. బాగా చదువుకుని రాశావు. కానీ ‘విషం మెదడును ఎంత తినేసిందో ఎంఆర్‌ఐ కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది’ అన్న వాక్యం మాత్రం తీసెయ్యి. వ్యాసం మొత్తం దాని మీదే నిలబెట్టావు, అది నిలవదు.

ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పనిచెయ్యనివ్వవు. దాంతో నరాల సందేశాలు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పేరుకుపోతుంది. కంటిపాపలు చిన్నవైపోతాయి, చొంగ కారుతుంది, ఊపిరి ఆడదు, ఫిట్స్ కూడా రావచ్చు. ఇదంతా రసాయనాల స్థాయిలో జరిగేది. మామూలు సీటీకి గానీ ఎంఆర్‌ఐకి గానీ ఆ ఎంజైమ్ కనబడదు. అందుకే మనిషి స్పృహలో లేకపోయినా మొదట్లో తీసిన స్కాన్ నార్మల్‌గా రావచ్చు. డాక్టర్లు లక్షణాలు చూసే అట్రోపిన్ అనే విరుగుడు మొదలుపెడతారు, స్కాన్ కోసం ఆగరు. తలకు దెబ్బ తగిలిందా, రక్తస్రావం ఉందా, విషం దిగాక కూడా రోగి ఎందుకు లేవడం లేదు అన్న ప్రశ్నలు వచ్చినప్పుడే స్కాన్ అక్కరకొస్తుంది.

ఇక అసలు చిక్కు. కొందరి ఎంఆర్‌ఐలో మెదడు లోపల రెండువైపులా, కదలికలను అదుపుచేసే బేసల్ గాంగ్లియా అనే భాగంలో మార్పులు కనబడతాయి. నువ్వు వాటిని నేరుగా మందు ఖాతాలో వేశావు. కాసేపు ఆక్సిజన్ అందకపోయినా దెబ్బతినేది ఆ చోటే! ఫిట్స్ ఆగకుండా వస్తే జ్ఞాపకాలకు సంబంధించిన హిప్పోకాంపస్‌లోనూ మార్పులొస్తాయి. అది మందు చేసిన గాయమో, ఊపిరి అందక అయిన గాయమో ఒక్క ఫోటో చూసి తేల్చలేం. ఎంతసేపు ఊపిరి అందలేదు, ఫిట్స్ ఎంతసేపు వచ్చాయి, వెంటిలేటర్ ఎప్పుడు పెట్టారు, స్కాన్ ఎన్నో రోజున తీశారు అని డాక్టర్‌ని అడుగు. ఎన్నో రోజు అన్నది మరీ ముఖ్యం. డిఫ్యూజన్ అనే రకం ఎంఆర్‌ఐ చిత్రంలో మొదటి రోజుల్లో తెల్లగా మెరిసిన భాగం తర్వాత మామూలుగా కనబడొచ్చు. అంతమాత్రాన అక్కడ గాయం మానినట్టు కాదు.

అన్ని మందుల్నీ ఒకే గాటన కట్టొద్దు. మిథైల్ బ్రోమైడ్ అనే పొగమందు విషంలో చిన్నమెదడులోని డెంటేట్ కేంద్రకాల్లో మార్పులు కనబడ్డాయి. గ్లూఫోసినేట్ అనే కలుపుమందు జ్ఞాపకశక్తిని దెబ్బతీసిన కేసులున్నాయి.

‘స్కాన్ నార్మల్, కాబట్టి గండం గడిచింది’ అనీ రాయకు. ఆర్గానోఫాస్ఫేట్ కేసుల్లో 1 నుంచి 4 రోజుల మధ్య మెడ కండరాలు, ఊపిరి తీసుకునే కండరాలు హఠాత్తుగా నీరసించొచ్చు. కొన్ని మందులతో 2, 3 వారాల తర్వాత కాళ్లు చచ్చుబడొచ్చు. మెదడు స్కాన్ ఈ రెంటినీ పట్టుకోలేదు.

రంగుల స్కాన్ వాడితే ఆ ఎరుపు కంప్యూటర్ వేసిన రంగని ఫోటో కిందే చెప్పు. లేకపోతే పాఠకులు మెదడు కాలిపోతోందనుకుంటారు.

ఇంకో మాట, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. కావాలని తాగినవాళ్ల కథ రాసేటప్పుడు మందు బ్రాండు, తాగిన మోతాదు రాయొద్దు. నిరాశలో ఉన్నవాళ్లూ నీ వ్యాసం చదువుతారు. సాయం ఎక్కడ దొరుకుతుందో మాత్రం తప్పకుండా రాయి. ఫిల్మ్ మూలన రోగి పేరు, తేదీ ఉంటాయి, చెరిపేశాకే పంపు. ఫోటో వాడుకోవడానికి ఆ ఇంటివాళ్లు ఒప్పుకున్నారో లేదో నువ్వే స్వయంగా కనుక్కో.

డాక్టర్ జవాబులు వచ్చాక మూడో పేరా తిరగరాసి పంపు, ఆ రోజే చదువుతాను.

ఇట్లు,
మీ అన్నయ్య