టూ వీల్ డ్రైవ్ పికప్ కొని తర్వాత ఫోర్ వీల్‌గా మార్చుకోవచ్చా?

మీ లెక్క తప్పుతున్నది ఆ 'తర్వాత' దగ్గరే. ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ బలాన్ని ముందు చక్రాలకూ పంచే పెట్టె), ముందు యాక్సిల్, కూలి కలిస్తే చవకగా కొన్న లాభమంతా పోతుంది. బండిలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌తో ఆర్‌సీ చిక్కు అదనం. ఫ్యాక్టరీ నుంచే ఫోర్ వీల్‌తో వచ్చిన పాత బొలెరో క్యాంపర్ గానీ, స్కార్పియో గెటవే గానీ వెతకండి. దొరికితే, కొనే ముందు ఇవి చూసుకోండి.

1. బండి కింద పడుకుని టార్చితో ఛాసిస్ చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. వెనుక లీఫ్ స్ప్రింగుల బ్రాకెట్ల దగ్గర స్క్రూడ్రైవర్ మొనతో నొక్కండి. తుప్పు పెచ్చులుగా రాలి మొన లోపలికి దిగితే, ఇంజన్ ఎంత బాగున్నా వదిలేయండి. కొత్తగా నల్లరంగు పూసి ఉంటే ఇంకా గట్టిగా నొక్కండి.

2. 'ఫోర్-లో' (4L, నాలుగు చక్రాలూ తక్కువ వేగంతో ఎక్కువ బలంగా తిరిగే గేరు) వేసి మట్టి నేల మీద నడపండి, తారు మీద వద్దు.

3. టైర్ల డబ్బు ముందే పక్కన పెట్టండి.