ఒక్క కథ, ఒక్క ప్రశ్న

ప్రశ్న: పదకొండు కథలు రాశాను. రెండు వెబ్ పత్రికల్లో వచ్చాయి. మా ఇంటా వంటా రాసేవాళ్లు లేరు. పేరున్న ఒక రచయిత గారికి మూడు కథలు వాట్సాప్‌లో పంపి, "చదివి అభిప్రాయం చెప్పండి సార్, నన్ను మీ శిష్యురాలిగా అనుకోండి" అని రాశాను. రెండు నెలలైంది. నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు లేదు. మాలాంటివాళ్లకు దారి చూపే పెద్దలు ఎలా దొరుకుతారు?
- ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: ఆయన మిమ్మల్ని చిన్నచూపు చూశారనుకోకండి. మూడు కథలంటే ఇరవై పేజీల పైమాటే. ఫోన్ తెర మీద అంత చదవడం పెద్ద వయసు కళ్లకు శిక్ష. పైగా "అభిప్రాయం" అనగానే ఎవరైనా ఇరుక్కుంటారు. బాగుందంటే అబద్ధమవుతుందేమో, బాగాలేదంటే మీరు నొచ్చుకుంటారేమో. అలాంటప్పుడు ఊరుకోవడమే సులువు. శిష్యరికం మాట మొదటి ఉత్తరంలో అసలు ఎత్తకండి. అది బరువు మోయమన్నట్టు వినిపిస్తుంది.

ముందు ఆయన కథలు మూడైనా చదవండి. మీకు శ్రీకాకుళం దగ్గరే కదా. అక్కడ విశాఖ ఎ కాలనీలో, కథకులు కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన కథానిలయం ఉంది. కథా సంపుటాలు, పాత పత్రికల సంచికలు ఒకేచోట దొరుకుతాయి. తెరిచే వేళలు ఫోన్‌లో కనుక్కుని బయల్దేరండి. వెళ్లడం కుదరకపోతే వాళ్ల వెబ్‌సైట్‌లో రచయిత పేరుతో వెతకండి.

తర్వాత నాలుగు వాక్యాల సందేశం పంపండి. మీరెవరో ఒక వాక్యం. ఆయన ఏ కథలో ఏ చోట మీకు పనికొచ్చిందో ఒకటి. మీ కథలో ఎక్కడ ఇరుక్కున్నారో ఒకటి. పంపవచ్చా అని చివరిది. కథను అప్పుడే జత చేయొద్దు. మూడో వాక్యమే ప్రాణం. "కథ ఎలా ఉంది" అని కాదు, "తల్లి ఇంటికి తిరిగి రావడం అతకలేదనిపిస్తోంది, మూడో పేజీలోనే ఆపేస్తే చాలా?" అన్నట్టు ఉండాలి. అలాంటి ప్రశ్నకు రెండు నిమిషాల్లో జవాబు చెప్పొచ్చు, మొహమాటమూ ఉండదు. పంపమంటే ఒక్క కథే, 1500 మాటల లోపుది పంపండి. కాగితం మీద చదివే అలవాటున్నవారైతే పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి, మీ చిరునామా రాసి స్టాంపులు అంటించిన కవరు జతచేసి పోస్టులో పంపండి. మూడు వారాలు ఆగి ఒకసారి గుర్తుచేయండి. అప్పటికీ పలకకపోతే మరొకరి దగ్గరికి వెళ్లండి.

సలహా వచ్చాక చాలామంది చేసే తప్పు వాదన. "నా ఉద్దేశం అది కాదండీ" అని పేజీ నిండా వివరణ రాస్తే, ఆ వివరణ కథలో ఎందుకు లేదన్న ప్రశ్నే మిగులుతుంది. నచ్చింది తీసుకుని, పదిహేను రోజుల్లో తిరగరాసి, ఏం మార్చారో రెండు ముక్కలు చెప్పండి. కథ అచ్చయినా, తిరిగొచ్చినా కబురు చెయ్యండి. పెద్దలు రెండో కథ చదవడానికి ఒప్పుకునేది ఈ కబురు వల్లే. వారిని అడగకుండా ఫేస్‌బుక్‌లో "మా గురువుగారు" అని రాయడం, సంపాదకుడికి పంపేటప్పుడు "ఫలానా వారు చూసి మెచ్చుకున్నారు" అని చేర్చడం, ఈ రెండింటితో వచ్చిన పరిచయం కూడా పోతుంది.

మన ప్రాంతం వాళ్లకు ఇంకో చిక్కుంది. "ఏటి" (ఏమిటి), "బేగి" (త్వరగా), "ఎలిపోనాడు" (వెళ్లిపోయాడు) అని మీ పాత్రలు మాట్లాడితే, ఈ యాస చెవిన పడని వారు వాటి కింద ఎర్రగీతలు గీసే ప్రమాదముంది. కథ నిర్మాణానికి ఏ ఊరివారైనా సరే, భాష మాత్రం ఉత్తరాంధ్ర మనిషికే చూపించండి. ఇద్దరూ ఒకరే కావాలనే పట్టుదల వద్దు.

సభలకు వెళ్లండి. గురజాడ జయంతి సెప్టెంబరు 21, వర్ధంతి నవంబరు 30. ఆ రోజుల్లో విజయనగరంలో సాహిత్య సభలు జరుగుతుంటాయి. అరగంట ముందే వెళ్లండి. సభ అయ్యాక శాలువాల సందడిలో వేదిక దగ్గరికి తోసుకెళ్తే మీ ముఖం ఎవరికీ గుర్తుండదు. మొదలవక ముందు కుర్చీలు సర్దుతున్నవాళ్లతో, పుస్తకాల బల్ల దగ్గర నిలబడ్డవాళ్లతో మాట్లాడండి. ఏ పత్రిక ఎప్పుడు పోటీ పెడుతుందో, ఏ సంపాదకుడు యూనికోడ్ అక్షరాల్లోనే టైపు చేసి పంపమంటాడో వాళ్లకే బాగా తెలుసు.

మా మటుకు, పెద్దల కంటే ముందు మీకు కావలసింది మీ ఈడు వాళ్లు నలుగురు. నెలకోసారి గ్రంథాలయంలోనో ఎవరింటి డాబా మీదో కూర్చోండి. ఒక్కరే చదవాలి. 1500 మాటల కథకు పావుగంట చాలు. మిగతావాళ్లు మాట్లాడటం అయ్యేదాకా రాసినవాళ్లు నోరు విప్పకూడదు. ఈ నియమం తప్పితే మూడో నెలకు కాఫీలే మిగులుతాయి.

ప్రశ్న: విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ డిప్లొమా పూర్తిచేశాను. పక్కవాద్యానికి ఎవరూ పిలవడం లేదు. నేను ఎవరిని కలవాలి?
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: గాయకులకు వయొలిన్ వాయించేవారి పేరు చెప్పేది చాలాసార్లు మృదంగ విద్వాంసులే. వాళ్లింట్లో సాధనకు కూర్చోనిమ్మని అడగండి. మీరు పంపే రికార్డింగు సోలో అయితే దండగ. ఎవరికైనా సహకరిస్తూ వాయించినది ఐదు నిమిషాలు పంపండి. మీరు ఎదుటివాళ్లను వింటారా లేదా అన్నదే వాళ్లకు కావాలి. ఆలాపనలో గాయని కంటే ముందు పరుగెత్తకూడదు. ఆమె నాలుగు ఆవర్తాల (తాళం చుట్ల) స్వరం వేస్తే మీరు ఆరు వేయకూడదు.

పిలుపు రాగానే మొదట అడగాల్సింది శ్రుతి, అంటే వాళ్లు ఏ స్థాయిని ఆధారంగా పెట్టుకుని పాడతారో. హార్మోనియం మెట్ల లెక్కలో మగవారు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర దగ్గర పాడతారు, ఆడవారు ఐదు, ఐదున్నర దగ్గర. చివరి నిమిషంలో తీగలు బిగిస్తే శ్రుతి నిలవదు, తెగినా తెగుతాయి. రెండు రోజుల ముందే ఆ శ్రుతికి కట్టి సాధన చేయండి. ఒక సెట్టు తీగలు అదనంగా పెట్టుకోండి. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన జరిగేచోట కొత్తవాళ్లకు పది నిమిషాలైనా ఇస్తారు, ముందే పేరు రాయించుకోండి. ఆకాశవాణి ఆడిషన్‌కు కూడా దరఖాస్తు పెట్టండి. బి గ్రేడ్ వచ్చినా నిర్వాహకుల దగ్గర మాట చెల్లుతుంది. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన కళాశాలలో చదివానన్న మాటకు మొదటిసారి పిలుస్తారేమో. రెండోసారి పిలిచేది మీ వాయింపు విని.

ప్రశ్న: సినిమా కథ నేర్పి, నిర్మాతలకు పరిచయం చేస్తానని ఒకాయన 15,000 అడుగుతున్నారు. కథ ముందే పంపమంటున్నారు. ఇవ్వొచ్చా?
- ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: నేర్పినందుకు రుసుము తీసుకోవడం తప్పు కాదు, పరిచయానికి తీసుకోవడం తప్పు. ఎన్ని పాఠాలు, ఎన్నిసార్లు మీ రాత దిద్దుతారు అని రాతపూర్వకంగా అడగండి. చెప్పకపోతే వదిలేయండి. ఇక కథ సంగతి. ఆలోచనకు కాపీరైట్ ఉండదు, రాసిన రూపానికే ఉంటుంది. అది రాసిన క్షణం నుంచే మీది. రుజువు కోసం కాపీరైట్ కార్యాలయంలో ఆన్‌లైన్‌లో నమోదు చేయించుకోవచ్చు, సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు. అదయ్యాకే, పూర్తి స్క్రిప్టు కాకుండా రెండు పేజీల సారాంశం మాత్రం ఈమెయిల్‌లో పంపండి. వాట్సాప్ సందేశాలు చెరిగిపోవచ్చు. ఈమెయిల్‌లో తేదీ, పంపిన కాపీ రెండూ మీ దగ్గరే ఉంటాయి.