సముద్రంలో ఈతకు ఏ కాలం మంచిది?

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

సముద్రంలో ఈత ఏ నెలలో మొదలుపెట్టాలని అడిగావు. ఏ తీరంలో దిగుతావో రాయలేదు కాబట్టి చలి సముద్రం సంగతీ, వెచ్చటి సముద్రం సంగతీ రెండూ చెబుతాను.

చలి ప్రాంతమైతే ఎండను చూసి మోసపోకు. నేల ఒక్క పూటలో కాలిపోతుంది, సముద్రం వేడెక్కడానికి నెలలు పడుతుంది. భూమధ్యరేఖకు ఉత్తరాన జూన్‌లో పగలు బాగా పొడవు, కానీ నీళ్లు ఎక్కువగా వెచ్చబడేది ఆగస్టు, సెప్టెంబరుల్లోనే. దక్షిణాన అయితే ఫిబ్రవరి, మార్చి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది వేసవి చివరే. అప్పటి నుంచి వారానికి రెండు మూడుసార్లు మానకుండా దిగితే, నీళ్లు చల్లబడుతున్న కొద్దీ ఒళ్లు కూడా వాటికి అలవాటుపడుతుంది. ఆ నెలల్లో జెల్లీఫిష్ కొంచెం ఎక్కువ కనిపిస్తాయి, చూసుకుని దిగు.

నాకు భయమంతా వేసవి మొదట్లోనే. బయట ఎండ హాయిగా ఉంటుంది, నీళ్లు 12 డిగ్రీల దగ్గరే ఉండొచ్చు. పోటీల ఈతకొలనులో నీళ్లు 25 నుంచి 28 డిగ్రీలుంటాయి, ఆ అలవాటుతో 15 కంటే తక్కువ ఉన్న నీళ్లలో దూకితే మన ప్రమేయం లేకుండానే గట్టిగా ఊపిరి పీల్చేస్తాం. ఆ క్షణంలో తల మునిగి ఉంటే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఎంత బాగా ఈత వచ్చినా దీని నుంచి తప్పించుకోలేం. అందుకే ఎప్పుడూ దూకకు. నడుస్తూ దిగి, మెడ మీదా ముఖం మీదా నీళ్లు చల్లుకుని, ఊపిరి కుదుటపడేదాకా ఒకటి రెండు నిమిషాలు నిలబడు. గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా చల్లటి నీళ్లలో దిగనే కూడదు.

వెచ్చటి సముద్రంలో చలి బాధ లేదు, అక్కడ అలలను బట్టి కాలం ఎంచుకోవాలి. రుతుపవనాల నెలలూ, తుఫాన్ల కాలమూ వదిలెయ్. తుఫాను ఎక్కడో వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా, నీ తీరంలో ఆకాశం తేటగా ఉన్నా, పెద్ద అలలు వచ్చేస్తాయి. లోపలికి లాగేసే ప్రవాహాలు పుట్టేది కూడా చాలావరకు ఆ అలల వల్లే. ఎప్పుడైనా అలాంటి దాంట్లో చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకు, తీరం వెంబడే పక్కకు ఈది దాని లోంచి బయటపడి అప్పుడు ఒడ్డుకు రా. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుపోట్లు పెద్దవి, ఆ రోజులు కొత్తల్లో వద్దు. వేళ మాటకొస్తే, మధ్యాహ్నం గాలి లేవక ముందు పొద్దుటి పూటే మంచిది. భారీ వాన పడితే మురుగంతా సముద్రంలోకే వస్తుంది, రెండు మూడు రోజులు ఆగు.

నువ్వు దిగబోయే చోట నీటి ఉష్ణోగ్రత ఎంతో కనుక్కుని నాకు రాయి. 18 దాటి, అలలు నెమ్మదిగా ఉంటే, కాపలా ఈతగాళ్లు ఉన్న చోట, తోడుగా ఒకరిని పెట్టుకుని వచ్చే వారమే మొదలుపెట్టు.

మీ మావయ్య